ఆరబోత

2023 డిసెంబరు 3, ఆదివారం. ఆవడి నుంచి అంబత్తూరు ఎస్టేట్‌కి రాత్రి తొమ్మిదింటి డ్యూటీకి బండి మీద వెళ్లేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. తుపానుకి అప్పటికే మిచాంగ్ అని పేరు పెట్టేశారు. మయన్మార్ వాళ్లు ఇచ్చిన పేరట. మర్నాడు చెన్నైకి సెలవని ప్రభుత్వం ప్రకటించింది గానీ మా షెడ్డుకి సెలవు లేదు. డ్రయ్యర్ మధ్యలో ఆపితే మళ్లీ దారికి రావడానికి ఒక పూట పడుతుంది. అందుకే మావాళ్లు పండక్కి కూడా ఆపరు.

మేము పోసేది ప్రీఫాంలు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. లావుపాటి టెస్ట్‌ట్యూబ్‌లా, గాజులా మెరిసే చిన్న గొట్టం అది. మూత బిగించే మర ముందే ఉంటుంది. దాన్ని వేడిచేసి లోపలికి గాలి ఊదితే లీటరు నీళ్ల సీసా అవుతుంది. ఊదేది వేరే వాళ్లు, నీళ్లు నింపేది ఇంకొకళ్లు. మా మోల్డులో 32 గుంటలు. దెబ్బకి 32 ప్రీఫాంలు, ఒక్కోటి 20 గ్రాములు.

నా ఉద్యోగం పేరు షిఫ్ట్ ఇన్‌ఛార్జి. చేసేది మాత్రం డ్రయ్యర్ కాపలా. 2003లో బాపట్ల దగ్గర మా ఊరి నుంచి వచ్చి గిండీ సిపెట్‌లో ప్లాస్టిక్ కోర్సు చేశాను. ఆ సంస్థ 1968 నుంచీ అక్కడే ఉంది. మా మాస్టారు మొదటి వారంలోనే గుప్పెడు పెట్ ప్లాస్టిక్ దానా చేతిలో పోసి, “ఇందులో నీళ్లెక్కడున్నాయో చూపించు” అన్నాడు. సగ్గుబియ్యంలా తెల్లగా, పొడిగా, గలగలమంటోంది. ఎవరమూ చూపించలేకపోయాం.

టన్ను దానాలో రెండు మూడు లీటర్ల నీళ్లు ఉంటాయి. గాలిలో తేమని అది ఊరికే పీల్చుకుంటుంది, చెన్నై గాలి అయితే చెప్పక్కర్లేదు. ఆ రెండు మూడు లీటర్లని యాభై గ్రాములకి తేవాలి. అంటే టన్నుకి సగం టీ గ్లాసు. అంతకన్నా ఎక్కువ ఉండి మెషీన్‌లోకి వెళ్లిందా, 280 డిగ్రీల దగ్గర ఆ నీళ్లు ఊరుకోవు. పెట్ అంటే పొడుగాటి గొలుసు. దాన్ని తయారుచేసేటప్పుడు లింకు లింకు కలిసినచోటల్లా నీళ్లు బయటికి పోతాయి. కరిగే వేడిలో మళ్లీ నీళ్లు తగిలితే ఆ లింకులే ఊడిపోతాయి. గొలుసు ముక్కలవుతుంది. ప్లాస్టిక్ చూడ్డానికి అలాగే ఉంటుంది, బలం మాత్రం ఉండదు.

అందుకని టన్ను పట్టే హాపర్‌లో దానా పోసి, 165 డిగ్రీల వేడిగాలి కింద నుంచి పైకి ఆరు గంటలపాటు పంపిస్తాం. ఆ గాలి కూడా మామూలు గాలి అయితే లాభం లేదు. మైనస్ 40 డిగ్రీల దాకా చల్లారిస్తే తప్ప మంచు పట్టనంత పొడిగా ఉండాలి. దాన్నే డ్యూ పాయింట్ మైనస్ 40 అంటాం. గాలిని అలా పొడి చేసేవి రెండు నిలువు డబ్బాల్లో నింపిన మాలిక్యులర్ సీవ్ పూసలు. ధనియాలంత ఉంటాయి, మట్టిరంగు. ఒక డబ్బా గాలిలో తేమ పీలుస్తుంటే రెండోది వేడెక్కి తను పీల్చింది కక్కుతుంది. నాలుగు గంటలకోసారి ఒకదాని పని ఇంకొకటి అందుకుంటుంది. ఈ మార్పు దగ్గర ఒక సంగతి ఉంది, తర్వాత చెబుతాను.

ఆ రాత్రి పదకొండు దాటాక రోడ్డు మీద నీళ్లు గేటు కిందనుంచి లోపలికి నాలుకలా వచ్చాయి. మొదట నవ్వుకున్నాం. 2015 వరదలో ఈ షెడ్డులోకి చీలమండల లోతే వచ్చాయి. మేము ముగ్గురం. నేను, తిరువళ్లూరు కుర్రాడు ఒకడు, ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్ ఒకడు. గంటలో నీళ్లు పాలెట్ల ఎత్తుకి వచ్చాయి. తిరువళ్లూరు తంబి కాంపౌండు గోడ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి “అణ్ణా, తణ్ణి వందుడుచ్చు” అని అరిచాడు. కొరట్టూరు చెరువు వైపునుంచి నల్లటి నీళ్లు గోడ కన్నాల్లోంచి ధారలు కడుతున్నాయి.

మెయిన్ ఆపేశాను. మెషీన్ బ్యారెల్ నిండా కరిగిన పెట్, హాపర్ నిండా ఎండిన దానా. రెండూ అలాగే వదిలేయాల్సి వచ్చింది. జంబో బ్యాగులు పద్నాలుగు నేలమీద ఉన్నాయి, ఒక్కోటి టన్ను పైమాటే. ముగ్గురు మనుషులు ఎత్తేవి కావు. వాటిలో లోపల పాలిథిన్ సంచి ఉంటుంది నిజమే, కానీ దానా దించడానికి అడుగున గుడ్డ గొట్టం ఉంటుంది. తాడుతో కట్టిన ఆ ముడి దగ్గరే నీళ్లకి దారి. బ్యాగులు ఒక్కోటీ కిందనుంచి ముదురు రంగుకి తిరగడం టార్చిలైటు వెలుగులో చూశాను.

డ్రయ్యర్ బ్లోవర్ నేలకి అడుగు ఎత్తులో ఉంటుంది. అది ఎప్పుడు మునిగిందో తెలియదు. మేము ఆఫీసు గదికి ఎక్కే ఇనప మెట్లమీద ఉన్నాం.

సోమవారమంతా, మంగళవారమంతా ఆ పైగదిలోనే. తినడానికి బిస్కెట్లు, తంబి తెచ్చుకున్న పెరుగన్నం. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్‌లో సగం. కింద లక్షకి పైగా ప్రీఫాంలు అట్టపెట్టెల్లో నానుతున్నాయి, లక్ష సీసాల నీళ్లకి సరిపడా, మేము మాత్రం గ్లాసు కొలత పెట్టుకుని తాగాం. ఒడిశా కుర్రాడు సోమవారం రాత్రి జ్వరంతో వణికాడు. ప్యాకింగ్ బబుల్ షీటు చుట్టి పడుకోబెట్టాం. పక్క షెడ్డులోంచి మిషన్ ఆయిల్ తేలుకుంటూ వచ్చి మా మెట్లకి చారలు కట్టింది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు కడుపులో తిప్పుతుంది.

నా ఫోను సోమవారం మధ్యాహ్నానికి చచ్చిపోయింది. అంతకుముందు రెండు మాటలు మాట్లాడగలిగాను. ఆవడిలో మా ఇల్లు మేడమీద. “నీళ్లు కిందింటి దాకానే, మాకేం లేదు, మీరు దిగకండి” అంది మా ఆవిడ. రెండో ఫోను మా అన్నయ్యది.

“ఒరేయ్, అది మీ మీదనుంచి మా మీదకొస్తోందంట. చేను కోసి పనల మీదుంది. మూడెకరాలు. కుప్ప వేద్దామంటే కూలీలు దొరకలా.”

“బరకాలు కప్పు అన్నయ్యా.”

“మూడెకరాలకి బరకాలా?” అన్నాడు. అక్కడితో కట్టయింది.

మంగళవారం మధ్యాహ్నం మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి తొంభై, వంద కిలోమీటర్లు. ఆ సంగతి నాకు మర్నాటిదాకా తెలియలేదు. ఆ సమయానికి నేను మెట్లమీద కూర్చుని నీటిమట్టం ఎన్నో మెట్టు దగ్గరుందో సుద్దముక్కతో గీతలు గీస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఒక మెట్టు తగ్గింది.

బుధవారం పొద్దున తొడలోతు నీళ్లలో నడిచి ఇల్లు చేరాను. ఊరంతా పాల ప్యాకెట్ల కోసం తిరుగుతోంది. ఆ రాత్రే మా వీధికీ షెడ్డుకీ కరెంటు ఇచ్చారు. ఓనరు ఫోను రాత్రి పదింటికి.

మా ఓనరు చెడ్డవాడని రాయడం తేలిక. జ్వరమొచ్చిన కుర్రాణ్ని తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు, బిల్లు కట్టాడు. అప్పు తెచ్చి కొన్న దానా సగం మురుగునీళ్ల పాలయింది. ఇన్సూరెన్సు ఎంతుందో నాకు తెలియదు, ఆయన ముఖం చూస్తే పెద్దగా లేదనిపించింది. నాతో చెన్నై తెలుగులో మాట్లాడతాడు.

“ఏమప్పా, ఊరంతా తాగే నీళ్లకి ఏడుస్తా ఉంటే మనం మెషీన్ ఆపుకుని కూచుందామా?”

నీళ్ల కంపెనీల వాళ్లు ఎంత పోస్తే అంత తీసుకుంటామన్నారట. ఆ మాట కూడా అబద్ధం కాదు.

గురువారం పొద్దున బ్లోవర్ మోటారు విప్పి పాడిలో వైండింగ్ షాపుకి తీసుకెళ్తే అక్కడ రోడ్డు మీదదాకా మోటార్ల వరస. వారం తర్వాత రమ్మన్నారు. వెనక్కి తెచ్చి, మేమే విప్పి, హ్యాలోజెన్ లైట్లు పెట్టి పగలంతా ఆరబెట్టాం. సాయంత్రం మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తే ఫరవాలేదంది. మెషీన్ బ్యారెల్ వేడెక్కించి, లోపల గడ్డకట్టిన పెట్‌ని బయటికి తోశాం. కాలిన బెల్లం పాకంలా గోధుమరంగు ముద్దలు వచ్చాయి. బ్యాగుల్లో అడుగు సగం తుక్కు కొనేవాళ్లకి ఇచ్చేయాల్సిందేనని నేను గట్టిగా చెప్పాను. దానికి ఆయన ఒప్పుకున్నాడు. మురుగు తగిలిన దానాతో తాగే నీళ్ల సీసా చేయకూడదని ఆయనకీ తెలుసు. పై సగం మాత్రం వాడదామన్నాడు. అది కంటికి శుభ్రంగానే ఉంది. నాలుగు రోజులు వరదనీళ్ల పైన, మూతబడిన సంచిలో ఆవిరి పట్టిన దానా.

“సార్, సీవ్ మార్చాలి. పూసలు నీళ్లు తాగేశాయి” అన్నాను. డబ్బా అడుగు మూత తీసినప్పుడు పూసల్లో కొన్ని పగిలి బురదగా అంటుకుపోయాయి. కొత్తవి కావాలని ఫోన్ చేస్తే సరుకు బయటి ఊరి నుంచి రావాలి, నాలుగైదు రోజులు అన్నారు.

“వేడి పెట్టి ఆరబెట్టు. నీకు తెలియనిదా?”

రెండు డబ్బాలనీ ఒకదాని తర్వాత ఒకటి వేడెక్కించాను. రాత్రంతా. తెల్లారి నాలుగింటికి మీటరులో డ్యూ పాయింట్ మైనస్ 42.0 చూపించింది. తంబి చప్పట్లు కొట్టాడు. హాపర్ నింపి 165 డిగ్రీలు పెట్టాం.

ఇందాక అన్న సంగతి ఇది. డబ్బా మారినప్పుడల్లా ఆ అంకె ఎగరాలి. వేడి వేడి డబ్బా లైనులోకి వస్తుంది కనక కాసేపు మైనస్ 30కో, ఇంకా పైకో వెళ్లి, మళ్లీ మెల్లగా దిగుతుంది. పన్నెండేళ్లుగా చూస్తున్నాను. ఎంత మంచి డ్రయ్యరైనా ఎగురుతుంది. ఆ పొద్దున ఎనిమిదింటికి డబ్బా మారింది. వాల్వు తిరిగిన చప్పుడు విన్నాను. అంకె కదల్లేదు. మైనస్ 42.0. పన్నెండింటికి మళ్లీ మారింది. మైనస్ 42.0.

సెన్సరు కూడా నీళ్లలో మునిగిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు. ఎనిమిదింటికే తెలుసు, మధ్యాహ్నం దాకా ఒప్పుకోలేదు.

సిపెట్‌లో నేర్పిన మొరటు పరీక్ష ఒకటుంది. 270 డిగ్రీల వేడిపలక మీద గాజు స్లైడు పెట్టి, దానిమీద నాలుగు గింజలు వేసి, పైన ఇంకో స్లైడు పెట్టి అదిమితే గింజ కరిగి బిళ్లలా పరుచుకుంటుంది. తేమ ఉంటే బిళ్లలో బుడగలు కనిపిస్తాయి. నైలాన్‌కి, పాలికార్బొనేట్‌కి బాగా పనికొస్తుంది. పెట్‌లో నీళ్లు బుడగ కట్టేలోపే గొలుసు తెంపే పనిలో ఖర్చయిపోతాయి, అందుకని దీన్ని పూర్తిగా నమ్మలేం. బుడగల్లేవంటే మంచిదని కాదు. కానీ బుడగలున్నాయంటే చెడ్డదే. నేను నాలుగు గింజలు అదిమాను. రెండింట్లో బుడగలు. సన్నవి, ఆవగింజలో పావంత.

ఓనరు కళ్లద్దాలు పైకెత్తి స్లైడుని లైటుకి పెట్టి చూశాడు.

“రెండు బుడగలేగా?”

“మీటరు పనిచేయట్లేదు సార్.”

“మైనస్ నలభై రెండు చూపిస్తోందే!”

దానికి నేనేమన్నానో బాగా గుర్తుంది. ఏమీ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పోత మొదలైంది. మొదటి షాట్లు తీసేసి ఒక ప్రీఫాం లైటుకి పెట్టి చూస్తే గాజులా ఉంది. మబ్బు లేదు, గీత లేదు. ప్యాకింగ్ ఆడవాళ్లకి అంతకన్నా మంచి ప్రీఫాం దొరకదు. మెషీన్ మాత్రం నాకు ఇంకోటి చెబుతోంది. ఎప్పుడూ 90 బార్ ప్రెషర్ తినేది 74కే గుంటలు నింపేస్తోంది. నాజిల్ మొనలోంచి ప్లాస్టిక్ పల్చటి తేనెలా కారుతోంది. గొలుసు తెగిన పెట్ పల్చబడుతుంది, పల్చబడినది తేలిగ్గా పరుగెడుతుంది. తంబి ఆ ప్రెషర్ చూసి, “మెషీన్ ఈరోజు బాగా నడుస్తోందన్నా” అన్నాడు.

లాగ్‌బుక్‌లో గంటగంటకీ రాశాను. ఉష్ణోగ్రత 165. సమయం 6 గంటలు. డ్యూ పాయింట్ మైనస్ 42. కింద నా సంతకం. శుక్రవారం, శనివారం కలిపి ఇరవై ఒక్క సంతకాలు. ఎవరూ నా చేయి పట్టుకుని పెట్టించలేదు. పిల్ల ఫీజు జనవరిలో కట్టాలి, ఊళ్లో అన్నయ్య పంట పోయింది, ఈ నెల జీతం పోతే ఎట్లా అని లెక్క వేసుకుంటూ పెట్టాను. ఊరికి నీళ్లు అందాలి కదా అన్న మాట కూడా మనసులో తెచ్చుకున్నాను. అది ఓనరు మాట, నేను అరువు తీసుకున్నాను.

సోమవారం పొద్దున ఊదే కంపెనీ నుంచి ఫోటోలు వచ్చాయి. మధ్యాహ్నం ఓనరు నన్ను పుళల్ వైపు వాళ్ల గోడౌనుకి పంపించాడు. తను రాలేదు.

గోడౌను నేలంతా తడి. పన్నెండు సీసాల కట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. కింది వరసల అట్టలు నీరు తాగి మెత్తబడిపోయాయి. ఒక సీసా తీసి తిరగేశాను. అడుగున సరిగ్గా మధ్యలో, మోల్డులోకి ప్లాస్టిక్ దిగే చుక్క ఉంటుంది. దాని చుట్టూ అయిదు కాళ్ల నక్షత్రంలా సన్నటి పగుళ్లు. ఇంకోటి తీశాను, అదే. నిండు సీసాని మూత బిగించి ఛాతీ ఎత్తునుంచి వదిలితే నిలవాలి. నేను వదిలిన మూడింట్లో మూడూ పగిలాయి. మూడోది వదలాల్సిన అవసరం లేదు. అయినా వదిలాను.

అక్కడ లోడింగ్ చేసే ఒకావిడ తెలుగావిడే, తడ వైపు మనిషి. ఆదివారం వీధుల్లో పంచడానికి వ్యానులో తనూ వెళ్లిందట. “మేడమీద వాళ్లు తాడుకి బుట్ట కట్టి దింపారు సార్. పైకి లాగేటప్పుడు బుట్ట గోడకి తగిలి టప్పుమన్నాయి. నీళ్లన్నీ మా నెత్తినే. ముసలామె పైనుంచి చూస్తా ఉండాది. ఇంకో బుట్ట కట్టాం, అందులోనూ రెండు పోయినాయి” అంది. నేనెవరో ఆవిడకి తెలియదు. వరదనీళ్లలో సీసాలు పాడయ్యాయేమో అని నన్నే అడిగింది.

కాదమ్మా అన్నాను. ఇంకేం చెప్పలేదు.

సరుకంతా వెనక్కి వచ్చింది. తీసి పెట్టుకున్న నమూనా ల్యాబుకి పంపిస్తే, 0.80 దరిదాపుల్లో ఉండాల్సిన ఐవీ 0.69 అని తేలింది. ఐవీ అంటే ఆ గొలుసు పొడుగుకి కొలత అనుకోండి. ఓనరు లాగ్‌బుక్ నా ముందు తెరిచి పెట్టాడు. “ఇది ఎవరి రాతప్పా?” అన్నాడు. మైనస్ 42, మైనస్ 42, మైనస్ 42. నా రాత గుండ్రంగా ఉంటుంది, స్కూల్లో మెచ్చుకునేవాళ్లు. ఆ నెల సగం జీతం ఆపేసి, సంక్రాంతి దాటాక చూద్దామన్నాడు. గొడవపెట్టుకుంటే పెట్టుకోవచ్చు. స్లైడు చూపించిన సంగతి తంబికి తెలుసు. కానీ ఆ పుస్తకంలో బుడగల గురించి ఒక్క ముక్క రాయలేదు నేను.

అన్నయ్య దగ్గరికి వెళ్దామని సెంట్రల్‌లో విజయవాడ బండెక్కి బాపట్లలో దిగాను. ఊరి రోడ్డు పొడుగునా వడ్లే. ఒక పక్క ఆటోలు పోయేంత దారి వదిలి, మిగతా రోడ్డంతా బరకాలమీద ఆరబోత. పుల్లటి వాసన. పనలమీద నానిన వడ్లు కంకికే మొలకలెత్తాయి, మిగిలినవాటి రంగు మారింది. అన్నయ్య నన్ను చూసి మొదట కాళ్లవైపు చూశాడు, చెప్పులు విప్పి రా అన్నట్టు. వడ్లలోకి దిగి పాదాలతో చాళ్లు తీస్తూ తిరగేస్తున్నాం. మధ్యమధ్య అన్నయ్య నాలుగు గింజలు నోట్లో వేసుకుని పంటికింద నొక్కేవాడు. కటుక్కుమంటే ఆరినట్టు. మెత్తగా నొక్కుకుంటే ఇంకా పొద్దు కావాలి.

సాయంత్రం రైతు భరోసా కేంద్రానికి సంచిలో శాంపిల్ తీసుకెళ్లాం. పదిహేడు శాతం దాటితే మామూలుగా తీసుకోరు. కుర్రాడు గుప్పెడు గింజలు మీటరులో పోసి బిగించాడు. పందొమ్మిదిన్నర.

“మీటరు సరిగ్గానే ఉందా?” అని నేనడిగాను. కుర్రాడు నావైపు అదోలా చూశాడు. మళ్లీ పోయమన్నాను. పందొమ్మిది పాయింట్ రెండు. ఇంకోసారి పోయించాను. పందొమ్మిది పాయింట్ ఆరు. అంకె కదులుతోంది. అన్నయ్య నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

“మీ దానికి ఎంత శాతం ఉండాలిరా?” అన్నాడు దారిలో.

“వంద కిలోలకి అయిదు గ్రాములు.”

కాసేపు నడిచాక, “అంత ఎట్టా ఆరబెడతార్రా?” అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. రెండు డబ్బాలు, పూసలు, వేడిగాలి. మీటరు దాకా వచ్చి ఆగిపోయాను. అక్కడినుంచి మొత్తం చెప్పాను, ఇరవై ఒక్క సంతకాలతో సహా. మా ఆవిడకి కూడా అప్పటికి చెప్పలేదు. అన్నయ్య ఏమీ అనలేదు. పొద్దు వాలకముందే వడ్లు కప్పాలి, పద అన్నాడు.

ఆ రాత్రి రోడ్డు పక్క నులకమంచాలు వేసుకుని కాపలా పడుకున్నాం. మూడింటికి నాకు మెలకువ వచ్చింది. వాన లేదు, గాలి లేదు. బరకం మీద చెయ్యి పెడితే మంచు, చెయ్యంతా తడి. అంచు ఎత్తి లోపలి పక్క తడిమాను. అక్కడా చెమ్మే. అన్నయ్యని లేపాను. ఇద్దరం చెరో చివరా పట్టుకుని, నీళ్లు వడ్లమీద పడకుండా బరకాన్ని రోడ్డు అవతలకి మెల్లగా ఎత్తిపోసి, తిరగేసి మళ్లీ కప్పాం.